పచ్చ మారిందా, మసకబారిందా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక ఇల్లాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. పెళ్లయి పదకొండేళ్లయింది. అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజే అత్తగారు తన వేలికున్న పచ్చరాయి ఉంగరం తీసి ఈవిడ వేలికి తొడిగారట. దాన్ని 1971లో జాతకం చూపించి, బుధుడికని చేయించారు. అత్తగారికి అది వాళ్ల అత్తగారు ఇచ్చింది. ఈవిడకి ఇస్తూ అత్తగారు ఒక మాట అన్నారట: "జాగర్తమ్మా, రాయి కళ తప్పితే ఇంటికి కళ తప్పినట్టే."

ఆ ఉంగరం వేలి నుంచి తీసింది లేదు. అంట్లు తోమినా, స్నానం చేసినా అదే చేయి. రెండు నెలల కింద, రాయి చుట్టూ మురికి పేరుకుందని దగ్గర్లోని నగల షాపుకి తీసుకెళ్లారు. కౌంటర్లో కుర్రాడు "మెషీన్‌లో వేస్తే కొత్తదైపోతుంది మేడమ్, పది నిమిషాలు" అన్నాడు. మూడు వందలు తీసుకుని చీటీ ఇచ్చాడు. తిరిగొచ్చాక బంగారం ధగధగలాడుతోంది, రాయి మాత్రం మజ్జిగ నీళ్లు కలిసినట్టు తెల్లబారింది. లోపల అడ్డదిడ్డంగా గీతలు. "ముందు నుంచే అలా ఉంది మేడమ్" అన్నాడట కుర్రాడు.

ఇక ఇంట్లో తలో మాట. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే భర్త "రాయి మార్చేశారు, పోలీస్ కంప్లైంట్ ఇద్దాం" అంటున్నారు. మరిది "గోల ఎందుకు వదినా, నర్సీపట్నంలో నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, అలాంటి పచ్చ తక్కువలో తెస్తాడు, పొదిగించేద్దాం" అంటున్నాడు. ఇంకో నెలలో ఆడపడుచు కూతురి పెళ్లి. విజయనగరం నుంచి అత్తగారు వస్తున్నారు. పెళ్లిలో ఆ ఉంగరం మనవరాలి వేలికి ఒక్కసారి పెట్టాలని ఆవిడ కోరిక. "నాకు నిద్ర పట్టడం లేదు. అత్తగారికి చెప్పాలా? షాపు మీద కేసు వెయ్యాలా? మరిది మాట వినాలా? అసలు తప్పు నాదేనా?" ఇవీ ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఉంగరం ఎలా ఉండేదో చెబుతూ, "ఎడమ పక్క పై మూలలో మిరియాల పొడి రేణువంత నల్ల చుక్క ఉండేది, మా ఎంగేజ్‌మెంట్ ఫొటోలో కూడా కనిపిస్తుంది" అని రాశారు. తర్వాతి పేరాలో ఇప్పటి రాయి గురించి రాస్తూ, "ఇప్పుడా నల్ల చుక్క ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది" అన్నారు. రెండు వాక్యాలూ మీరే రాశారు, టెన్షన్‌లో పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

పచ్చ లోపలి మరకలు, పగుళ్లు మన వేలిముద్రల్లాంటివి. ఒక రాయిలో ఉన్న చుక్క అదే చోట, అదే పరిమాణంలో ఇంకో రాయిలో ఉండటం దాదాపు జరగని పని. పది నిమిషాల్లో ఒక షాపువాడు అలాంటి చుక్కే ఉన్న రాయి వెతికి, మీ గూట్లో సరిగ్గా కూర్చునేలా సానబట్టి పొదిగాడనుకోవడం కష్టం. కాబట్టి నా లెక్కలో రాయి మారలేదు, మసకబారింది. ఈ రెండింటికీ మధ్య ఒక పోలీస్ కంప్లైంటంత దూరం ఉంది, మీవారికి ముందు ఈ ముక్క చెప్పండి.

మరి మెరిసే రాయి పది నిమిషాల్లో మజ్జిగలా ఎలా అయింది? సాయంత్రం బజ్జీలు పొట్లం కట్టిన న్యూస్‌పేపర్ గుర్తు చేసుకోండి. నూనె పడ్డచోట కాగితం అద్దంలా అయి, అవతలి పేజీలో అక్షరాలు కనిపిస్తాయి. కాగితం పోగుల మధ్య గాలి ఉన్నంతసేపు వెలుతురు అడుగడుగునా చెదిరి తెల్లగా కనిపిస్తుంది. గాలి ఉన్నచోట నూనె చేరితే ఆ చెదరడం తగ్గిపోతుంది. పచ్చలో జరిగేదీ ఇదే. దాదాపు ప్రతి పచ్చలోనూ పుట్టుకతోనే సన్నటి పగుళ్లుంటాయి. అందుకే సానబట్టాక వాటిలోకి నూనె పట్టిస్తారు. ఎక్కువగా వాడేది దేవదారు జాతి చెక్క నుంచి తీసే సెడార్‌వుడ్ నూనె. అది వెలుతురును వంచే తీరు పచ్చ వంచే తీరుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పగులు ఉన్నా కంటికి ఆనదు. ఇది మోసం కాదు. వ్యాపారంలో అందరికీ తెలిసిన పద్ధతే. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పకపోతే మాత్రం మోసమే.

మీ ఉంగరం వేసిన మెషీన్ పేరు అల్ట్రాసోనిక్ క్లీనర్. గోరువెచ్చటి సబ్బునీళ్లలో, చెవికి వినపడనంత వేగంగా కంపనాలు పుట్టిస్తుంది. వజ్రాల నగకు భేషైన పని. పచ్చకు మాత్రం ఆ కంపనం, వేడి, సబ్బు కలిసి పగుళ్లలోని నూనెను లాగేస్తాయి. ఒక్కోసారి పగులు ఇంకాస్త సాగుతుంది కూడా. పచ్చల నగ అందులో వెయ్యకూడదన్నది ఈ పనిలో మొదట నేర్చుకునే పాఠాల్లో ఒకటి. మా చిన్నాన్న కురుపాం మార్కెట్‌లో ఒక మెట్ల కింది గదిలో నగల పని చేసేవారు. పచ్చ వస్తే శ్రావణంతో (చిన్న పట్టకారుతో) కూడా గట్టిగా పట్టేవారు కాదు. కుంచెకు తడి తగిలించి, చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచేవారు. అప్పట్లో నాకు అది చాదస్తంలా అనిపించేది.

"పచ్చ గట్టి రాయి అంటారు కదా, ఇంత నాజూకేమిటి?" అని మీరు రాశారు. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. మోస్ కొలమానంలో పచ్చ కాఠిన్యం ఏడున్నర నుంచి ఎనిమిది. ఇసుకలోని క్వార్ట్జ్ ఏడు, నీలం తొమ్మిది, వజ్రం పది. అంటే మామూలు దుమ్ము మీ రాయి మీద గీత పెట్టలేదు. కాని లోపల పగుళ్లున్న దేనికైనా దెబ్బ తగిలితే ఆ దారిలోనే విచ్చుతుంది. సింక్ అంచుకు తగిలించుకున్న రోజులు మీకే గుర్తుండాలి. పచ్చలను నాలుగు మూలలూ కత్తిరించిన పలకలా సానబట్టే అలవాటు కూడా అందుకే వచ్చింది, మూల ఉంటే ముందు అదే విరుగుతుంది.

ఆ పగుళ్లు అది పుట్టిన తీరులోనే ఉన్నాయి. పచ్చ బెరిల్ అనే ఖనిజం. అందులో బెరీలియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ ఉంటాయి. ఈ నాలుగే ఉంటే దానికి రంగుండదు. రవ్వంత క్రోమియమో, కొన్నిచోట్ల వనేడియమో చేరితేనే ఆ ఆకుపచ్చ. చిక్కేమిటంటే బెరీలియం గ్రానైట్ లాంటి రాళ్లతో తిరుగుతుంది, క్రోమియం భూమి లోతుల నుంచి వచ్చిన నల్లటి బరువైన రాళ్లలో ఉంటుంది. రెండూ ఒకచోట కలవడం అరుదు. రాజస్థాన్‌లో, జాంబియాలో గ్రానైట్ జాతి రాయి కరిగి అలాంటి నల్లరాళ్లలోకి చొచ్చుకొచ్చి, వేడి ద్రవాలు రెంటినీ కలిపినచోట అభ్రకం పొరల మధ్య పచ్చలు పుట్టాయి. కొలంబియాలో దారి వేరు. అక్కడ నల్లటి మట్టిరాళ్ల సందుల్లో ఉప్పు కలిసిన వేడినీళ్లు పారి పచ్చల్ని పేర్చాయి. అదిమే ఒత్తిడిలో, కదిలే నేలలో పెరిగిన స్ఫటికం పగుళ్లు లేకుండా బయటపడటమే వింత. మొఘల్ దర్బారుకు చేరిన పెద్ద పచ్చల్లో చాలావరకు కొలంబియావి. హిజ్రీ 1107, అంటే 1695-96 నాటి తేదీ చెక్కిన 217.80 క్యారెట్ల పచ్చ ఒకటుంది, 2001లో వేలంలో 22 లక్షల డాలర్లకు పోయింది. అంతటి రాళ్ల ధర కట్టేటప్పుడూ లోపలి పగుళ్లను చూస్తారు, చూసి క్షమిస్తారు. ఫ్రెంచివాళ్లు వాటిని తోట అని ముద్దుగా పిలుస్తారు.

మీ నల్ల చుక్క కూడా బహుశా అలాంటి అభ్రకం తునకే. దాన్నిబట్టి రాయి ఏ దేశానిదో చెప్పలేను కాని, రాయి జాతిదే అనడానికి అది చిన్న సాక్ష్యం. యంత్రంలో రాయి తెల్లబారడం దానికి తోడు సాక్ష్యం. ఉత్త గాజైతే అలా లోపల దారులు తేలవు.

ఇంకో అవకాశం కూడా చెప్పాలి. కొన్ని పాత ఉంగరాల్లో రంగులేని రెండు ముక్కల మధ్య ఆకుపచ్చ జిగురు పెట్టి అతికించిన రాళ్లుంటాయి. జిగురు ఎండినా అవీ మసకబారతాయి. మీ ఉంగరం వెనక తెరిచి ఉందన్నారు. రాయి చర్మానికి తగలాలని బుధుడి ఉంగరాలు అలాగే చేస్తారు కాబట్టి మీకు పరీక్ష సులువు. గాజు గ్లాసులో మామూలు మంచినీళ్లు పోసి, ఒక్క నిమిషం ఉంగరాన్ని పక్కకు పడుకోబెట్టి చూడండి. రాయి అంచు పైనుంచి కిందిదాకా ఒకే ఆకుపచ్చలో ఉంటే మంచిది. పైనా కిందా నీళ్ల రంగు, మధ్యలో సన్నటి ఆకుపచ్చ గీత కనిపిస్తే అతుకు రాయి. (వెనక బంగారంతో మూసేసి, లోపల రేకు పెట్టిన ఉంగరమైతే ఈ పని చెప్పేదాన్ని కాదు. నీళ్లు లోపలికి పోతే రేకు నల్లబడుతుంది.)

ఇప్పుడు మీ ముందున్న దారులు.

షాపు సంగతి. దొంగతనం అని వెళ్తే, ఆ నల్ల చుక్కే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. నిర్లక్ష్యం అని వెళ్తే మీ మాటకు బలం ఉంది. డబ్బు తీసుకున్న చీటీ ఉంది, ముందటి ఫొటో ఉంది, పచ్చ అని తెలిసీ మెషీన్‌లో వేశారు. ముందు ఓనర్‌తో మాట్లాడి, నూనె మళ్లీ పట్టించే ఖర్చు భరించమని రాతపూర్వకంగా అడగండి. చాలామంది పేరుకు భయపడి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వెయ్యడానికి రెండేళ్ల గడువుంది, కాబట్టి ఈ పెళ్లి హడావుడిలోనే వెయ్యాలని లేదు. అయితే కేసంటే ఉంగరం సాక్ష్యం అవుతుంది, అది తేలేదాకా రాయిని ముట్టుకోవడానికి వెనకాడాలి. మీవారి కోపం తీరుతుంది గాని ఉంగరం బీరువాలో మసకగానే ఉంటుంది. నన్నడిగితే పదకొండేళ్ల అంట్ల సబ్బు కూడా ఆ నూనెను కొద్దికొద్దిగా తినేసింది, మెషీన్ మిగిలింది పూర్తి చేసింది. "తప్పు నాదేనా" అన్నదానికి నా జవాబు ఇది: కొంత మీది, ఎక్కువ వాళ్లది.

మీ మరిది సలహా. అతనిది మంచి మనసే, మీ కన్నీళ్లు చూడలేక అన్నాడు. కాని నర్సీపట్నం, గొలుగొండ కొండల్లో దొరికే రంగురాళ్లలో పేరుపడ్డది క్రైసోబెరిల్ జాతి. వైడూర్యం, అలెగ్జాండ్రైట్ ఆ ఇంటివే. అలెగ్జాండ్రైట్ పగటి వెలుతురులో ఆకుపచ్చగా, దీపం వెలుతురులో ఎర్రగా కనిపిస్తుంది. దానికీ రంగు ఇచ్చేది క్రోమియమే, మీ పచ్చకు చుట్టమే అనుకోండి. చుట్టమే గాని పచ్చ కాదు. అత్తగారు పెళ్లిపందిట్లో లైట్ల కింద చూసి "ఇదేటమ్మా, ఎర్రగా ఉంది" అంటే ఏం చెబుతారు? పైగా అక్కడ అనుమతి లేని తవ్వకాల్లో గోతులు కూలి మనుషులు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ రాయి కొంటే ఆ గోతికి మనమూ డబ్బు కట్టినట్టే. ఇక తక్కువ ధరకు "పచ్చ" అని తెచ్చిచ్చేది సాధారణంగా గాజో, ల్యాబ్‌లో పెంచిందో అవుతుంది. షాపుల్లో చెల్సీ ఫిల్టర్ అనే చిన్న బిళ్లలోంచి చూసి, ఎర్రగా కనిపిస్తే అసలుది అంటారు. ల్యాబ్ పచ్చలూ అందులో ఎర్రగానే కనిపిస్తాయి, మన దేశపు జాతిపచ్చలు చాలావరకు కనిపించవు. నమ్ముకోకండి.

అన్నిటికన్నా, ఆ పని చేస్తే ఇక జీవితాంతం మీరూ మరిదీ ఒక రహస్యం మోయాలి. పైగా ఆ పాత రాయిని ఎక్కడ పెడతారు? పారెయ్యలేరు, దాచలేరు.

బాగు చేయించడం. పచ్చకు నూనె పోతే మళ్లీ పట్టించొచ్చు. పగుళ్లలో మిగిలిన పాత నూనె, మురికి శుభ్రం చేసి, గాలి లాగేసి, వెచ్చటి నూనె ఎక్కిస్తారు. జైపూర్ పచ్చల సానకు పెద్ద కేంద్రం, ఈ పని బాగా వచ్చినవాళ్లు అక్కడ ఉన్నారు. మన దగ్గర నమ్మకమైన నగలవాళ్లెవరైనా వాళ్ల ద్వారా పంపుతారు. ఇన్సూరెన్స్ లేకుండా మామూలు కొరియర్‌లో పంపకండి. పంపేముందు ఏ నూనె వాడతారో అడగండి. కొందరు నూనె బదులు రెజిన్ అనే జిగురులాంటిది ఎక్కిస్తారు, అది ఎక్కువ కాలం ఉంటుంది గాని కొన్ని రకాలు పసుపు తిరుగుతాయి, తీసి మళ్లీ చేయడం కష్టం. నూనె శాశ్వతం కాదు, కొన్నేళ్లకు మళ్లీ పట్టించాలి. ఇంట్లో కొబ్బరినూనెలో నానబెట్టమని ఎవరో చెప్పారని రాశారు. రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత పగుళ్లలో ముక్కవాసన నూనె, మురికి మిగులుతాయి. ఆ తర్వాత చేసేవాడికి రెట్టింపు పని.

ల్యాబ్ సర్టిఫికెట్. జైపూర్‌లో, ముంబైలో మంచి ల్యాబ్‌లు ఉన్నాయి. రాయి సహజమైనదా కాదా, నూనె స్వల్పంగా ఉందా, మధ్యస్థమా, ఎక్కువా అన్నది రాసిస్తారు. షాపు మీద పోట్లాడాలంటే ఇది కావాలి. ఒక్క మాట ఆలోచించుకోండి. ఒకవేళ అందులో "కృత్రిమం" అనో "అతుకు రాయి" అనో వస్తే, ఆ కాగితం మీ చేతిలో ఉంటుంది. యాభై ఏళ్లు బుధుడి ఉంగరమని కళ్లకద్దుకున్న మనిషి అత్తగారు. ఆ కాగితం ఆవిడకు చూపిస్తారా? చూపించకుండా ఉండగలరా? నీళ్ల గ్లాసు పరీక్షలో రాయి బాగుందనిపిస్తే, కేసు వెయ్యనప్పుడు, సర్టిఫికెట్ తొందరేమీ లేదు.

అత్తగారి విషయానికి వస్తాను, అసలు ఉత్తరం రాయించింది అదే కదా. ఆవిడ మాట మళ్లీ చదవండి: "రాయి కళ తప్పితే." మీరు దాన్ని శాపంలా మోస్తున్నారు. నాకు మాత్రం ఒక ప్రశ్న పుట్టింది. రాయి కళ తప్పుతుందని ఆవిడకు ఎలా తెలుసు? బంగారం మాసిపోతుందంటారు, ముత్యం వెలిసిపోతుందంటారు. పచ్చ కళ తప్పుతుందన్న మాట అది చూసినవాళ్ల నోట వస్తుంది. 1971లో పట్టించిన నూనె మీ పెళ్లినాటికి ఆరకుండా నిగనిగలాడిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. మధ్యలో ఎవరో ఒకసారైనా మళ్లీ పట్టించి ఉండాలి. ఆవిడే కావచ్చు, వాళ్ల అత్తగారు కావచ్చు. అప్పుడు ఇంట్లో ఎవరు ఏమన్నారో, ఆవిడ ఎన్ని రాత్రులు మేలుకున్నారో మనకేం తెలుసు? ఇది నా ఊహ మాత్రమే, తప్పు కావచ్చు. కాని అడిగి చూడదగ్గ ఊహ.

అందుకని పెళ్లికి ముందు ఒకసారి విజయనగరం వెళ్లండి, ఫోన్‌లో వద్దు. గంటన్నర ప్రయాణం. ఉంగరం చేతిలో పెట్టి, "అత్తయ్యా, క్లీనింగ్‌కి ఇస్తే ఇలా అయింది. ఇంతకుముందెప్పుడైనా దీన్ని పాలిష్‌కి ఇచ్చారా?" అని అడగండి. "మీకు చెప్పకుండా ఇచ్చాను" అన్నది కూడా అదే శ్వాసలో చెప్పేయండి, ఆ ముక్క తర్వాత బయటపడితేనే బాధ. ఆవిడ కోప్పడవచ్చు. "అప్పుడే చెప్పాను కదా" అనొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అయినా అది పెళ్లికి మూడు వారాల ముందు, ఇద్దరి మధ్యే జరుగుతుంది. చెప్పకుండా ఊరుకుంటే పందిట్లో, ఆడపడుచు అత్తవారి ముందు జరుగుతుంది. వెంటనే చెబితే జైపూర్ పంపడానికి టైమ్ ఉండొచ్చు, టైమ్ చాలకపోయినా మనవరాలి వేలికి మసక రాయే పెట్టాలా, నెల ఆగి పెట్టాలా అన్నది ఆవిడే తేల్చుకుంటారు. అది ఆవిడ నిర్ణయం కావడమే న్యాయం.

బుధుడి విషయంలో మీతో వాదించను. నూనె ఆరడానికి, ఇంటికి కీడు రావడానికి సంబంధం ఉందని నేననుకోను. మీ మనసు ఒప్పుకోకపోతే, బాగుచేసి తెచ్చాక ఒక బుధవారం పూజలో పెట్టి తొడుక్కోండి, ఎవరికీ నష్టం లేదు.

తిరిగొచ్చాక అంట్లకు, స్నానానికి, చేతికి శానిటైజర్ రాసుకునేటప్పుడు తీసేయండి. మురికి పడితే గోరువెచ్చన కూడా కాని మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్, అంతే. వజ్రాల దుద్దులున్న డబ్బాలో కలిపి పెట్టకండి, అవి దీన్ని గీస్తాయి. విజయనగరం వెళ్లేటప్పుడు ఆ ఎంగేజ్‌మెంట్ ఫొటో కూడా పట్టుకెళ్లండి. నల్ల చుక్క అత్తగారికి చూపించడానికి కాదు. ఆ ఫొటోలో మీ వేలు పట్టుకుని ఉన్నది ఆవిడేనని మీరే రాశారు.